వీధి చెట్టుకు పురుగు పట్టినప్పుడు

2021వ సంవత్సరమున వానకాలము వెళ్ళుచుండగా తెలంగాణములోని ఊళ్ళలోను, పట్టణములలోను వేపచెట్లు కొమ్మల చివరల నుండి మాడిపోజొచ్చినవి. లేత కొమ్మలు ఎండి, ఆకులు గోధుమవన్నెకు తిరిగి, చెట్టుకు ఎవరో నిప్పుసెగ చూపి విడిచిరా అన్నట్లు దూరమునకు కనిపించినది. ఆంధ్రప్రదేశములోను పలుచోట్ల ఇదే దృశ్యము. ఏ చెట్టు ఆకును ధాన్యమునకు పురుగు పట్టకుండ గాదెలలో వేయుదురో, ఏ చెట్టు గింజల కషాయమును రైతు పైరుపై చల్లునో, ఏ చెట్టు పువ్వు లేనిదే ఉగాది పచ్చడి కాదో, ఆ చెట్టుకే చీడ తగిలినది. వైద్యునికే జబ్బు చేసినట్లయినది.

దీనిపై పట్టణవాసుల స్పందన ఒక్క తీరున లేదు. ఇది ఏదో అరిష్టమునకు సూచన అని జంకినవారు కలరు. చెట్టు చచ్చినదే అనుకొని గొడ్డలికి పని చెప్పదలచినవారు కలరు. వెంటనే మందు చల్లింపుడని మునిసిపాలిటీని అడిగినవారు కలరు. ఆ మందు తమ ఇంటిపై పడరాదని కోరినవారును కలరు. తలయెత్తి చూడనివారి సంఖ్యయు తక్కువ కాదు.

శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము ఈ అందరి ఊహలకంటె భిన్నమైనది. వేపకు వచ్చిన ఆపదలో రెండు శత్రువులు కలిసి పనిచేయుచున్నవి. మొదటిది తేయాకు దోమ. పేరునకు దోమయే కాని అది దోమ జాతి కాదు. నల్లి జాతికి దగ్గరగా ఉండు రసము పీల్చు పురుగు. జీడిమామిడి తోటల వారికి అది చిరపరిచితము. అది లేత చివుళ్ళను పొడిచి రసము పీల్చును. పొడిచిన చోట చివురు నల్లబడి ఎండును. రెండవది ఫోమాప్సిస్ అను శిలీంధ్రము. వానలు, మబ్బు, గాలిలోని చెమ్మ దానికి అనుకూలములు. పురుగు చేసిన గాయము శిలీంధ్రమునకు వాకిలి యగును. అయినను పెరిగిన చెట్టు సాధారణముగా చావదు. వానలు తగ్గి ఎండలు ముదిరిన పిదప మరల చిగిర్చును. కాని ఏటేట ఇట్లే జరిగినచో చెట్టు బలహీనమగును, కాయ తగ్గును. ఈ శిలీంధ్రము విత్తనము వెంట కూడ వ్యాపింపగలదు. కావున గొడ్డలి ఎంత తొందరపాటో ఉపేక్షయు అంత పొరపాటే.

వేప సంగతి ఒక ఉదాహరణము మాత్రమే. పట్టణములలోని చెట్లకు చీడ పట్టినప్పుడు ఆ చెట్ల నీడన బ్రతుకువారు ఏమి తలచుచున్నారు, వారి తలపునకు ఎంత విలువ ఈయవలెను అనునది నేడు అనేక దేశముల పురపాలకులను వేధించుచున్న ప్రశ్న. పొలములో ఈ ప్రశ్న లేదు. అక్కడ పైరు ఎవరిదో పురుగు వలన నష్టపడువాడును అతడే. మందు కొనువాడు, చల్లువాడు, ఫలితమును అనుభవించువాడును అతడే. వీధిలో అట్లు కాదు. చెట్టు మునిసిపాలిటీది. నీడ బాటసారిది. గొంగళిపురుగు రాలునది ఒకరి వాకిట. చల్లిన మందు పడునది వేరొకరి నీటితొట్టిలో. కొట్టివేసినచో ఎండ కాయునది ఇంకొకరి అరుగు మీద. లాభనష్టములు ఇట్లు పదిమందికి పంచబడియున్న చోట నిర్ణయము ఒక్కరిదైనచో తగవు తప్పదు.

పట్టణవాసికి పురుగన్న భయము ఒకటి, మందన్న భయము మరియొకటి. అధికారులు తరచుగా మొదటి భయమును వివేకమనియు, రెండవ దానిని అజ్ఞానమనియు భావించుచుందురు. గడచిన నూటముప్పది ఏండ్ల చరిత్రను చూచినచో ఈ భావన నిలువదు.

మెడ్‌ఫర్డ్ పట్టణపు కథ

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున మెడ్‌ఫర్డ్ అను పట్టణము కలదు. 1860 దశాబ్దము చివర ట్రూవెలో అను ఫ్రెంచి చిత్రకారుడు పట్టుపురుగులపై ప్రయోగములు చేయదలచి, ఐరోపా నుండి ఒక జాతి రెక్కలపురుగు గ్రుడ్లను తెప్పించి మర్టిల్ వీధిలోని తన ఇంట పెంచెను. వానిలో కొన్ని తప్పించుకొనిపోయినవి. నేడు దానిని స్పాంజి మాత్ అందురు. పాత పేరు ఒక జాతి ప్రజలను కించపరచునట్టిది కావున 2022లో అమెరికా కీటకశాస్త్ర సంఘము ఈ క్రొత్త పేరును స్థిరపరచినది. దాని గ్రుడ్ల ముద్ద స్పాంజివలె ఉండును.

ఇరువది ఏండ్లపాటు అది ఒక వీధి బాధగానే ఉండెను. ఆ వీధివారు ఇది ఎక్కడనైన ఉండు గొంగళిపురుగే అనుకొని ఊడ్చి పారవేయుచుండిరి, కిరోసిను పోసి తగులబెట్టుచుండిరి. ప్రక్క వీధివారికి అది తమ పని కాదు. 1889 వేసవిలో ఆ ఉపేక్ష ఫలించెను. పండ్లచెట్లు, నీడచెట్లు ఒక్క ఆకు లేక మోడులయ్యెను. గోడలు, మెట్లు, కంచెలు పురుగులతో నల్లబడెను. ఇంటిలోనికి, పడకల మీదికి వచ్చెను. రాత్రివేళ చెట్ల నుండి పురుగుల పెంట రాలు చప్పుడు చినుకులు పడుచున్నట్లు వినిపించెనని అప్పటివారు సాక్ష్యమిచ్చిరి.

1890లో రాష్ట్ర ప్రభుత్వము రంగములో దిగెను. కూలీలు చెట్టుచెట్టుకు ఎక్కి గ్రుడ్ల ముద్దలను గీకివేసిరి, మాకులకు గోనెపట్టలు చుట్టి వాని క్రింద దాగిన పురుగులను ఏరి చంపిరి. పారిస్ గ్రీన్ అను పాషాణపు మందును చెట్లపై చల్లిరి. అప్పుడు జనము తిరుగబడెను. మెడ్‌ఫర్డులో మందు చల్లుటకు వ్యతిరేకముగా బహిరంగసభ జరిగెను. ఒక పౌరుడు మందుతొట్టి గొట్టమును కోయబోయి, పనివారిని బెదిరించి, అరెస్టయి జరిమానా చెల్లించెను. మరికొందరు తోటగొట్టములతో నీళ్ళు కొట్టి చెట్లపైనున్న మందును కడిగివేసిరి. రెండేండ్ల క్రిందట పురుగును ఏదో విధమున వదలింపుడని మొరపెట్టినదియు ఈ పట్టణమే.

దీనిని జనము యొక్క చపలత్వమని త్రోసివేయుట సులువు. కాని పాషాణము విషమే కదా. పారిస్ గ్రీన్ ఆకులను మాడ్చినది, వానకు కొట్టుకొనిపోయినది, పురుగులను చాలినంతగా చంపలేకపోయినది. అది పనికిరాదని అధికారులే త్వరలో గ్రహించి వేరొక మందును వెదకిరి. అట్లు వచ్చినదే సీసము, పాషాణము కలిసిన లెడ్ ఆర్సినేటు. తరువాత దశాబ్దముల పాటు దానిని పండ్లతోటలలో విరివిగా వాడిరి. ఆ నేలలలో సీసము, పాషాణము నేటికిని మిగిలియున్నవి. గొట్టము కోయబోయిన వాని పద్ధతి తప్పు. అతని సందేహము తప్పు కాదు.

అదే పట్టణము, అదే రాష్ట్రము మరియొక విధమున పొరపడినవి. పది సంవత్సరములు, పది లక్షల డాలర్లకు పైగా వెచ్చించి చేసిన పనివలన పురుగు చాలవరకు తగ్గెను. పురుగు కంటికి కనబడనప్పుడు దానిపై డబ్బు ఖర్చు చేయుట వృథా అని తోచెను. 1900లో పని నిలిపివేసిరి. అయిదేండ్లలో పురుగు మునుపటికంటె ఎన్నో రెట్ల విస్తీర్ణమునకు ప్రాకెను. మరల పని ప్రారంభించినను నిర్మూలించు అవకాశము చేయి జారిపోయెను. పురుగు కనబడినప్పటి భయము, కనబడనప్పటి మరపు, ఈ రెండును ప్రజాభిప్రాయములోని లోపములే. కావున జనము ఎల్లప్పుడును సరి అనుట గాని, అధికారి ఎల్లప్పుడును సరి అనుట గాని చరిత్రకు సరిపడదు.

ఆకాశము నుండి పడిన మందు

ఆ పురుగే 1957లో మరియొక ఘట్టమునకు కారణమయ్యెను. దానిని సమూలముగా తుడిచివేయదలచి, అమెరికా ప్రభుత్వము న్యూయార్కు, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రములలో దాదాపు 30 లక్షల ఎకరములపై విమానములతో డి.డి.టి. చల్లించెను. అడవులతోపాటు లాంగ్ ఐలండులోని ఇండ్లు, కూరతోటలు, పాడిభూములు, చేపల మడుగులు తడిసెను. రాబర్టు కుష్మన్ మర్ఫీ అను ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు, మార్జొరీ స్పాక్ మొదలగువారు న్యాయస్థానము నాశ్రయించిరి. వారు ఓడిపోయిరి. 1960లో సుప్రీం కోర్టు ఆ అప్పీలును విచారించుటకు నిరాకరించినది; న్యాయమూర్తి డగ్లస్ ఒక్కరు విభేదించిరి.

కాని వ్యాజ్యము ఓడినను వ్యర్థము కాలేదు. విచారణలో బయటపడిన సంగతులను స్పాక్ ఉత్తరముల ద్వారా రేచల్ కార్సనుకు అందజేసెను. 1962లో వెలువడిన కార్సను గ్రంథము డి.డి.టి. పైని ప్రపంచపు దృష్టినే మార్చినది. 1972లో అమెరికాలో దాని వాడుక చాలవరకు నిషేధింపబడెను. 1957లో తమ పెరటి చెట్లకై, తమ ఆవుపాలకై చింతించిన గృహస్థుల మాట పదునైదేండ్లకు ప్రభుత్వపు మాట అయినది.

మందు మారినచో తగవు తీరునా? న్యూజీలండులోని ఆక్లండు నగరము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. 1999లో ఆ నగరపు పడమటి పేటలలో ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఒక గొంగళిపురుగు కనబడెను. రంగుల ఆపిల్ మాత్ అని దాని పేరు. అది తోటలకు, అడవులకు ప్రాకినచో గొప్ప నష్టమని ప్రభుత్వము భయపడెను. 2002 జనవరి నుండి 2004 మే వరకు నగరముపై మాటిమాటికి విమానములతో మందు చల్లించెను. ఆ మందు డి.డి.టి. వంటిది కాదు. బి.టి. అను సూక్ష్మజీవితో చేసినది. గొంగళిపురుగు తిన్నప్పుడు దాని ప్రేగులను చెడగొట్టునది. పక్షులకు, పశువులకు అంతగా హాని లేనిది. శాస్త్రరీత్యా అది మునుపటి పద్ధతులకంటె ఎంతయో మెరుగు.

అయినను జనములో అలజడి తగ్గలేదు. గొంతుమంట, ఆయాసము, చర్మపు దురద కలిగినవని అనేకులు చెప్పుకొనిరి. మందులో సూక్ష్మజీవితోపాటు ఏమేమి కలిపిరో చెప్పుడని వారడిగినప్పుడు అది కంపెనీ వ్యాపార రహస్యమను జవాబు వచ్చెను. తలపై పడుచున్న వస్తువు ఏమిటో తెలిసికొను హక్కు కూడ లేదా అని వారడిగిరి. 2006లో పురుగు నిర్మూలింపబడినదని ప్రభుత్వము ప్రకటించెను. అది నిజమైన విజయమే. 2007లో ప్రజల ఫిర్యాదులను విచారించిన అంబుడ్స్‌మన్, జనుల ఆరోగ్య విషయమునకు ప్రభుత్వము తగిన ప్రాధాన్యమీయలేదని తప్పుపట్టెను. పురుగు పోయినది, నమ్మకము కూడ కొంత పోయినది. మందు మంచిదగుట ఒకటి, దానిని గూర్చి నిజము చెప్పుట వేరొకటి. రెండవది లేనిచోట మొదటిదానికి విలువ తగ్గును.

ముందుగా చూచిన కన్నులు

పట్టణవాసిని అడ్డంకిగా కాక సహాయునిగా తలచిన సందర్భములును కలవు. 1996లో న్యూయార్కులోని బ్రూక్లిను ప్రాంతమున ఒక గృహస్థుడు తన ఇంటి ముందరి చెట్లలో గుండ్రని రంధ్రములను చూచెను. అల్లరి పిల్లలెవరో బరమాతో తొలిచిరని మొదట అనుకొనెను. తరువాత తెలిసినదేమనగా, చైనా నుండి సరుకుల పెట్టెల చెక్కలో దాగి వచ్చిన పొడవు మీసముల పెంకుపురుగు వానిని తొలిచినది. రెండేండ్లకు 1998లో షికాగో నగరమున కూడ అదే పురుగును ఒక పౌరుడు గుర్తించి కబురు చేసెను. ఈ పురుగు మాకు లోపల నుండి తినును కనుక పైన మందు చల్లి ప్రయోజనము లేదు. పురుగు పట్టిన చెట్టును కొట్టి, ముక్కలు చేసి, కాల్చవలెను.

షికాగోలో 1500కు పైబడి చెట్లను కొట్టివేసిరి. తాతల నాటి నీడ ఒక్క చలికాలములో మాయమైన వీధులున్నవి. అది చిన్న త్యాగము కాదు. అయినను ఊరివారు చాలవరకు సమ్మతించిరి. ఎందుకు కొట్టవలసి వచ్చినదో వారికి సభలలో చెప్పిరి, పురుగును చూపిరి, కొట్టినచోట మరల మొక్క నాటిరి, మిగిలిన చెట్లకు మాకులోనికి మందు ఎక్కించిరి. మందు గాలిలో కలియలేదు. వీధివీధికి జనము కన్నులు విప్పి చూచిరి. 2008లో ఆ నగరము పురుగు నుండి విముక్తమైనదని ప్రకటించిరి.

అన్ని కథలును ఇట్లే ముగియవు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగర ప్రాంతమున 2021లో ఒక చిన్న పెంకుపురుగు బయటపడెను. పొడవు రెండు మిల్లీమీటర్లు మాత్రమే. అది చెట్టులో సొరంగములు తొలిచి, వానిలో ఒక శిలీంధ్రమును పెంచుకొని దానిని తినును. ఆ శిలీంధ్రము చెట్టులోని నీటి నాళములను మూసివేయును. నమ్మదగిన మందు లేదు. వేలకొలది చెట్లను కొట్టిరి. హైడ్ పార్కు అను పాత ఉద్యానములోని చిన్న దీవులపైనున్న చెట్లను తొలగించినప్పుడు నగరవాసులకు దుఃఖమును, కోపమును కలిగెను. 2025 జూనులో అధికారులు నిర్మూలన సాధ్యము కాదని అంగీకరించి, అదుపులో ఉంచు విధానమునకు మారిరి. కొట్టివేసిన చెట్టుయొక్క దుఃఖమును భరించిన జనమునకు ఇది కష్టమైన వార్త. ఓటమిని కూడ దాచక చెప్పవలసియుండుట ఈ పనిలోని బాధ్యతలలో ఒకటి.

తెలుగు పట్టణములలో

ఈ అనుభవములను తెలుగునాట వీధులకు అన్వయించి చూడవచ్చును. వేపకు మందు చల్లవలెనని కోరుట సహజమే. 2021లో వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఎండిన కొమ్మలను కత్తిరించి కాల్చుటను, శిలీంధ్రమునకు, పురుగునకు మందులు వాడుటను సూచించిరి. లేత మొక్కకు, చిన్న చెట్టుకు అది సాధ్యమే. కాని వీధిలోని ముదురు వేప నలువది, యేబది అడుగులు ఉండును. పొలములో వాడు పంపు అంత ఎత్తునకు అందదు. అందించినను క్రింద కూరల బండి ఉండును, టీ కొట్టు ఉండును, బడికి పోవు పిల్లలుందురు, నీడకు కట్టిన గేదె ఉండును. చెట్టు తనంతట తాను చిగిర్చునని తెలిసియు వీధినంతయు విషముతో తడుపుట వివేకము కాదు. చెట్టు ఎండుచున్నదని కొట్టివేయుట అంతకంటె అవివేకము. చెట్టును కొట్టుటకు ముందు అనుమతి పొందవలెనని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము విధించుచున్నది.

కొబ్బరి విషయము ఇంకను బోధప్రదమైనది. 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతమున మొదట కనబడిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరికిని వ్యాపించెను. ఇది మధ్య అమెరికా నుండి వచ్చినది. ఆకు అడుగున చేరి రసము పీల్చి తీయని జిగురును విడుచును. ఆ జిగురుపై మసివంటి బూజు పెరిగి క్రింది ఆకులు, గోడలు, ఆరవేసిన బట్టలు నల్లబడును. పెరటి కొబ్బరికి ఈ మసి పట్టినప్పుడు ఇంటివారికి కోపము వచ్చుట సహజము. ఘాటైన మందు ఏదని అడుగుట సహజము. కాని ఎన్‌కార్సియా అను అతి చిన్న కందిరీగ జాతి పురుగు ఈ తెల్లదోమ పిల్లలలో తన గ్రుడ్లు పెట్టి వానిని చంపును. ఘాటైన మందు చల్లినచో దోమకంటె ముందు ఈ మిత్రుడు చచ్చును. అందుచేతనే ఒత్తిడితో నీళ్ళు కొట్టుట, వేపనూనె వాడుట, పసుపు రంగు జిగురు అట్టలు కట్టుట వంటి పద్ధతులను శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇక్కడ తొందరపడిన గృహస్థుడు తన చెట్టుకే కాక ప్రక్కింటి చెట్టుకును అపకారము చేయును.

పురుగుతో పురుగును చంపించుటయు గ్రుడ్డిగా చేయదగిన పని కాదు. 1906లో అమెరికావారు స్పాంజి మాత్ పైకి ఐరోపా నుండి ఒక ఈగను తెచ్చి విడిచిరి. అది ఆ పురుగుతో ఆగక, ఆ దేశపు అందమైన పెద్ద పట్టుపురుగు జాతులను కూడ చంపసాగెను. దీనికి భిన్నముగా, 2008లో భారతదేశమున కనబడిన బొప్పాయి పిండినల్లి విషయములో బెంగుళూరులోని జాతీయ సంస్థవారు 2010లో ప్యూర్టో రికో నుండి పరాన్నజీవులను తెప్పించి, వేరు పురుగుల జోలికి పోవని పరీక్షించిన తరువాతనే విడిచిరి. బొప్పాయి, మల్బరీ, పెరటి మొక్కలు చాలవరకు తేరుకొనెను. ఒకే ఉపాయము పరీక్షతో మేలు, పరీక్ష లేక కీడు చేసినది.

ఇక మునగచెట్టు సంగతి ప్రతి తెలుగు ఇల్లాలికిని తెలిసినదే. వానలు పడగానే మాకుపై బొంతపురుగులు గుంపులుగా చేరును. ముట్టుకొన్నచో ఒళ్ళు దద్దురులెక్కును, దురద పట్టును. పగలు మాకుపై కదలక కూర్చుండి రాత్రి ఆకు తినుట వాని అలవాటు. వానిని చూచి రోతతో చెట్టునే కొట్టివేసినవారు, ఇంటిలో మునగ ఉండరాదని నిశ్చయించినవారు కలరు. కాని పగలు ఒక్కచోట గుంపుగా ఉండు శత్రువును నిర్మూలించుట ఎంత సులువు! పెద్దలు దూరము నుండి కాగడా సెగ చూపుట పాత పద్ధతి. గ్రుడ్ల దశలోనే ఆకుతో సహా ఏరివేయుట మరింత మేలు. పురుగు అలవాటు తెలిసినవానికి సీసామందుతో పని తక్కువ.

తెలియవలసిన మూడు సంగతులు

ఈ ఉదాహరణములను కలిపి చూచినచో పట్టణవాసి తెలిసికొనవలసినవి మూడు కలవు. పురుగు చెట్టుకు హాని చేయుచున్నదా, మనుష్యునికి హాని చేయుచున్నదా, లేక కంటికి రోత మాత్రమే కలిగించుచున్నదా అనునది మొదటిది. వేప మీది పురుగు చెట్టుకు శత్రువు. బొంతపురుగు ముఖ్యముగా చర్మమునకు శత్రువు. కొబ్బరి మసి ముఖ్యముగా కంటికి శత్రువు. మూడింటికి ఒకే మందు కోరుట తగదు. ఆలస్యము చేసినచో నష్టమా, ఓపిక పట్టినచో లాభమా అనునది రెండవది. షికాగో పురుగు విషయమున ఒక్క ఏడు ఆలస్యము ప్రాణాంతకము. వేప విషయమున నాలుగు నెలల ఓపికయే సగము మందు. వాడబోవు ఉపాయము ఎవరిపై పడును అనునది మూడవది. తన చెట్టు, తన ఇల్లు, తన పిల్లలు అయినచో నిర్ణయము తనదే. పదిమందిపై పడునదైనచో పదిమందిని అడుగవలెను.

పురపాలకులు తెలిసికొనవలసినదియు ఒకటి కలదు. మందు చల్లదలచినచో ఏ మందు, ఏ రోజు, ఏ వేళ, ఎంత మోతాదు, ఎవరు తలుపులు మూసికొనవలెను అను వివరములు ముందుగా వీధిలో తెలుగులో వ్రాసి అతికింపవలెను. చల్లకూడదని నిర్ణయించినచో ఆ కారణమును కూడ అట్లే చెప్పవలెను. ఏమియు చేయకుండుట వివేకమైన సందర్భములలో, కారణము చెప్పని నిశ్శబ్దము జనమునకు నిర్లక్ష్యముగానే తోచును. అప్పుడే అంగడి మందు సీసాలు ఇంటింటికి చేరును, గొడ్డళ్ళు లేచును.

బడి చేయదగిన పని

ఇందులో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు పని ఉన్నది. న్యూయార్కులోను, షికాగోలోను పురుగును మొదట చూచినది ప్రయోగశాల కాదు, వీధిలో నడచు మనుష్యుడు. తెలుగునాట దాదాపు ప్రతి బడి ఆవరణలోను ఒక వేప, ఒక కానుగ, ఒక రావి ఉండును. ఆ చెట్లకు సంఖ్యలు వేసి, ఆగస్టు మొదలు మార్చి వరకు నెలకొక్కమారు చివుళ్ళను చూచి, ఎన్ని కొమ్మలు ఎండినవి, ఎన్ని మరల చిగిర్చినవి అని ఒక పుస్తకమున వ్రాసినచో, మూడేండ్లలో ఆ ఊరి వేపలు తేరుకొనుచున్నవో క్షీణించుచున్నవో చెప్పగల ఆధారము ఆ బడిలో ఉండును. దానికి ఖర్చు లేదు. పురుగుమందు ముట్టుకొనవలసిన అవసరమును లేదు, పిల్లలు దానిని ముట్టుకొనరాదు కూడ. ఎండిన కొమ్మను ఎవరు కత్తిరింపవలెనో, ఏ కార్యాలయమునకు కబురు చేయవలెనో పెద్దలు చూతురు.

అట్టి పుస్తకమున్న ఊరిలో చెట్టు మాడినప్పుడు అరిష్టమను మాట ఎక్కువ దినములు నిలువదు. గొడ్డలి పట్టుకొని వచ్చినవానికి గత సంవత్సరము అదే కొమ్మ ఏ నెలలో చిగిర్చినదో చూపవచ్చును. మందు బండితో వచ్చిన అధికారిని కూడ, ఏ చెట్టుకు, ఎందుకు అని ఆధారముతో అడుగవచ్చును.